సొంతంగా కట్టిన విమానంలో మిక్స్చర్ లెక్క: ఏ మీటరు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

అమెరికాలో చిన్న విమానాలు నడిపేవాళ్ల మధ్య కొన్నేళ్లుగా సాగుతున్న పెద్ద చర్చ సీసం గురించి. అక్కడి పిస్టన్ ఇంజన్ విమానాలు ఎక్కువగా వాడే 100ఎల్ఎల్ పెట్రోలులో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు. కార్ల పెట్రోలులోంచి సీసం ఎప్పుడో పోయింది, విమానాల పెట్రోలులో మాత్రం ఉండిపోయింది. ఇలా వెలువడే సీసం ప్రజల ఆరోగ్యానికి ముప్పు అని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2023 అక్టోబరులో అధికారికంగా తేల్చింది. 2030 చివరికల్లా దీన్ని వదిలించుకోవాలని విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, పరిశ్రమ కలిసి లక్ష్యం పెట్టుకున్నాయి. ఆక్సిజన్ సెన్సర్లను పాడుచేసేది సీసమే కాబట్టి, దీంతో పాత ప్రశ్న ఒకటి మళ్లీ పైకి వచ్చింది. కార్లలో, బైకుల్లో ఉన్నట్టు విమానం ఇంజన్‌కు కూడా ఆక్సిజన్ సెన్సర్ పెట్టి, గాలి ఎంత, పెట్రోలు ఎంత అన్నది నేరుగా చూసుకోవచ్చు కదా? ఇంకా ఉష్ణోగ్రత మీటర్లు చూస్తూ ఊహించుకోవడం ఎందుకు?

ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది విమానాన్ని సొంతంగా కట్టుకునేవాళ్లు. అమెరికా నిబంధనల ప్రకారం విమానం తయారీలో సగానికి పైగా పని ఔత్సాహికులే నేర్చుకోవడం కోసమో, సరదా కోసమో చేసి ఉంటే, దాన్ని ప్రయోగాత్మక విమానంగా నమోదు చేసుకోవచ్చు. ఒరెగాన్‌లోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కిట్లతో కట్టిన ఆర్‌వీ విమానాలే ప్రపంచంలో వేల సంఖ్యలో ఎగిరాయి. మన దేశంలో ముంబయి పైలట్ అమోల్ యాదవ్ మేడ మీద కట్టిన విమానం 2016లో అందరి దృష్టిలో పడింది. ఫ్యాక్టరీ విమానంలో ప్రతి మీటరుకూ అనుమతి కావాలి. సొంత విమానంలో ఏ మీటరు పెట్టాలో, ఏ సెన్సర్ ఎక్కడ బిగించాలో కట్టేవాళ్ల ఇష్టం. ఎంచుకునే స్వేచ్ఛ ఉంది కాబట్టే ఏది ఎంచుకోవాలన్న అయోమయం కూడా వాళ్లకే ఎక్కువ.

రిచ్ ఎప్పుడు, లీన్ ఎప్పుడు

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి, పెట్రోలు కలిసిన ఈ మిశ్రమమే మిక్స్చర్. గాలి అంతకంటే తక్కువైతే మిక్స్చర్ రిచ్ అంటారు, ఎక్కువైతే లీన్ అంటారు. ఇంట్లో గ్యాస్ పొయ్యి మంట నీలంగా కాకుండా పసుపుగా, మసి పట్టేలా వస్తుంటే అది రిచ్‌గా మండుతున్నట్టే.

అయితే సరిగ్గా 14.7 దగ్గర ఇంజన్ గరిష్ఠ శక్తి ఇవ్వదు. సిలిండర్‌లోకి పట్టే గాలికి ఒక హద్దు ఉంది, అందులోని ఆక్సిజన్ ఒక్క అణువు కూడా వృథా కాకుండా వాడుకోవాలంటే పెట్రోలు కాస్త ఎక్కువే ఉండాలి. అందుకే గరిష్ఠ శక్తి 12.5, 13 ప్రాంతంలో వస్తుంది. పొదుపు కావాలంటే ఇందుకు తిరగబడి ఆలోచించాలి. అప్పుడు వృథా కాకూడనిది పెట్రోలు, కాబట్టి గాలి కాస్త ఎక్కువ ఉండాలి. గరిష్ఠ శక్తికి ఒక మిక్స్చర్, గరిష్ఠ పొదుపుకు ఇంకో మిక్స్చర్. ఈ వ్యాసంలో తర్వాత వచ్చే తగాదాలన్నీ ఈ రెండింటి మధ్యే.

14.7 అన్న అంకె అన్ని ఇంధనాలకూ వర్తించదు. స్వచ్ఛమైన ఇథనాల్‌కు 9 కిలోల గాలి చాలు. మన బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు లెక్క వేస్తే 13.5 దగ్గర తేలుతుంది. అందుకే ఇంజన్ ఇంజనీర్లు లాంబ్డా అనే కొలత వాడతారు. ఏ ఇంధనమైనా సరే, పూర్తిగా మండటానికి సరిపడా గాలి ఉంటే లాంబ్డా 1. అంతకంటే తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్.

పైకి వెళ్లేకొద్దీ రిచ్ ఎందుకవుతుంది

కారు డ్రైవరు మిక్స్చర్ గురించి పట్టించుకోనక్కర్లేదు. చాలా విమానాల్లో మాత్రం ఇంజన్ శక్తిని పెంచే, తగ్గించే థ్రాటిల్ పక్కనే ఒక ఎర్ర నాబ్ ఉంటుంది. దాన్ని వెనక్కి లాగేకొద్దీ పెట్రోలు తగ్గుతుంది, పూర్తిగా లాగితే ఇంజన్ ఆగిపోతుంది. ఆ నాబ్ అవసరం ఎత్తు వల్ల వచ్చింది.

కార్బ్యురేటర్‌లో గాలి ఇరుకైన గొంతులోంచి వేగంగా పోతుంది. అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ తగ్గుదలే జెట్ అనే సన్నని రంధ్రంలోంచి పెట్రోలును పైకి లాగుతుంది. 8,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 79 శాతమే. ఇంజన్ అదే ఘనపరిమాణం గాలిని పీల్చినా దాని బరువు 79 శాతానికి పడిపోతుంది. పెట్రోలు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గదు. జెట్‌లోంచి వచ్చే పెట్రోలు పీడనపు తేడాకు వర్గమూలంలో మారుతుంది, కాబట్టి అది 89 శాతం దగ్గరే ఆగుతుంది. నేల మీద 12.5గా ఉన్న మిక్స్చర్, నాబ్ ముట్టుకోకుండా 8,000 అడుగులకు వెళ్తే 11.1 అవుతుంది. ఇంకా పైకి, 10,000 అడుగులకు వెళ్తే 10.7.

అంత రిచ్‌గా నడిపితే శక్తి తగ్గుతుంది, పెట్రోలు వృథా అవుతుంది, ప్లగ్గుల మీద మసి, సీసం పేరుకుపోతాయి. చిన్న విమానాల ఇంజన్లు తయారుచేసే లైకమింగ్ సంస్థ ఇంజన్ల మీద వాడే చాలా ఫ్యూయల్ ఇంజెక్షన్ వ్యవస్థలు (కార్బ్యురేటర్ బదులు నాజిళ్లతో ఒక్కో సిలిండర్‌కు పెట్రోలు చిమ్మేవి) కూడా ఎత్తును తమంతట తాము సరిచేసుకోవు. నాబ్ లాగాల్సింది పైలటే. ఎంత లాగాలో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో ఏదో ఒక మీటరు చెప్పాలి.

సొంతంగా కట్టిన విమానంలో ఇంకో చిక్కు కూడా ఉంది. అదే ఇంజన్, అదే కార్బ్యురేటర్ ఫ్యాక్టరీ విమానంలో చక్కగా నడిచి ఉండొచ్చు. ఇక్కడ గాలి పెట్టె వేరు, ఫిల్టరు వేరు, ఎగ్జాస్ట్ గొట్టాలు వేరు. కార్బ్యురేటర్‌లోకి గాలి వెళ్లే తీరు మారిందంటే మిక్స్చర్ కూడా మారుతుంది. ఫుల్ థ్రాటిల్ దగ్గర మిక్స్చర్ మరీ లీన్‌గా ఉందని తెలుసుకుని జెట్ రంధ్రం కొద్దిగా పెద్దది చేయించుకున్న ఆర్‌వీ యజమానులు ఉన్నారు. అది వాళ్లకు తెలిసింది మీటర్ల వల్లే.

టేకాఫ్‌లో తగినంత పెట్రోలు వస్తోందా అన్నదానికి ఒక ముతక లెక్క ఉంది. ఫుల్ రిచ్‌లో గంటకు ఒక హార్స్‌పవర్‌కు సుమారు అర పౌండు పెట్రోలు పడుతుంది. 180 హార్స్‌పవర్ ఇంజన్‌కు 90 పౌండ్లు, అంటే గంటకు 15 గ్యాలన్లు. ఇంధన ప్రవాహం మీటరు నేల దగ్గర 12 చూపిస్తుంటే ఎక్కడో ఏదో అడ్డుపడుతోంది. ఇది చిన్న విషయం కాదు. సొంతంగా కట్టిన విమానాల ప్రమాదాల మీద అమెరికా రవాణా భద్రతా సంస్థ 2012లో ఒక అధ్యయనం చేసింది. ఇంజన్ శక్తి పోవడం, గాల్లో అదుపు తప్పడం ఈ రెండే ప్రధాన కారణాలని అందులో తేలింది. ఎగరడానికి ముందు ఇంధన వ్యవస్థను పరీక్షించడం తప్పనిసరి చేయాలని కూడా ఆ సంస్థ సిఫారసు చేసింది.

ఎగ్జాస్ట్ వేడి: అంకె కంటే దిశ ముఖ్యం

మిక్స్చర్‌ను కనిపెట్టడానికి విమానాల్లో ఎక్కువగా నమ్ముకున్న సాధనం ఎగ్జాస్ట్ వాయువు ఉష్ణోగ్రత. దీన్ని అందరూ ఈజీటీ అంటారు. 1960ల్లో ఆల్ హుండేర్ స్థాపించిన ఆల్కార్ సంస్థ దీన్ని చిన్న విమానాల్లోకి తెచ్చింది. ఎగ్జాస్ట్ గొట్టంలో, సిలిండర్‌కు రెండు నుంచి నాలుగు అంగుళాల దూరంలో, ఒక థర్మోకపుల్ ప్రోబ్ దిగుతుంది. రెండు వేర్వేరు లోహపు తీగల కలయిక వేడెక్కితే చిన్న వోల్టేజి పుడుతుంది, డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 41 మైక్రోవోల్టులు. మీటరు చదివేది దాన్నే.

ఇది పనిచేసే సూత్రం తేలిక. గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయిన చోటుకు దగ్గరలో ఎగ్జాస్ట్ అత్యంత వేడిగా ఉంటుంది. రిచ్ వైపు వెళ్తే మండని పెట్రోలు, లీన్ వైపు వెళ్తే మిగిలిన గాలి వేడిని పంచుకుంటాయి, ఎటు వెళ్లినా ఉష్ణోగ్రత తగ్గుతుంది. నాబ్ నెమ్మదిగా లాగుతుంటే అంకె పెరుగుతూ వెళ్లి, ఒక శిఖరం తాకి, దిగుతుంది. ఆ శిఖరాన్ని పీక్ అంటారు. పీక్‌కు ఇవతల రిచ్, అవతల లీన్.

180 హార్స్‌పవర్ లైకమింగ్, 8,000 అడుగులు, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంది అనుకుందాం. ఇవి ఒక నమూనా అంకెలు. ఫుల్ రిచ్‌లో గంటకు 11.6 గ్యాలన్లు, ఈజీటీ 1,250 డిగ్రీల ఫారెన్‌హీట్. నాబ్ లాగితే 10.3 గ్యాలన్ల దగ్గర 1,330. 9.3 దగ్గర 1,400. 8.8 దగ్గర 1,440, ఇదే పీక్. 8.1కి తగ్గిస్తే మళ్లీ 1,395కి దిగింది. 10.3 గ్యాలన్ల మజిలీలో, పీక్‌కు 110 డిగ్రీలు రిచ్ వైపున, ఇంజన్ గరిష్ఠ శక్తికి దగ్గరగా ఉంది. చివరి మజిలీలో పీక్‌కు 45 డిగ్రీలు లీన్ వైపున పొదుపుగా ఉంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంకొకరి విమానంలో పీక్ 1,510 కావచ్చు, ఇంకో చోట 1,390. ప్రోబ్ ఒక అంగుళం అటూ ఇటూ జరిగినా అంకె మారిపోతుంది. సిలిండర్ లోపల మంట దాదాపు 4,000 డిగ్రీల దాకా వెళ్తుంది. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే ఇంజన్‌లో ప్రతి సిలిండరూ సెకనుకు 20 సార్లు మండుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకున్న కాసేపే వేడి వాయువు ప్రోబ్‌ను తాకుతుంది, మిగతా సమయం అది చల్లారుతుంది. మీటరు చూపేది ఈ రెండింటి సగటు. "నా ఈజీటీ 1,480, మీది 1,420, నాది ఎక్కువ వేడెక్కుతోందేమో" అన్న టెన్షన్‌కు అర్థం లేదు. ఆ అంకె తన పీక్‌కు ఎంత దూరంలో, ఏ వైపున ఉంది అన్నదొక్కటే మిక్స్చర్ గురించి చెబుతుంది.

సొంతంగా కట్టేవాళ్లు ఎక్కువగా పెట్టుకునే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఈ లెక్కను ఇంకాస్త కదిలిస్తుంది. ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే పాత సాధనమైన మాగ్నెటోలో ప్లగ్ ఎప్పుడూ ఒకే కోణంలో, ఉదాహరణకు పిస్టన్ పైకి చేరడానికి 25 డిగ్రీల ముందు వెలుగుతుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ క్రూయిజ్‌లో, అంటే పైకి చేరాక నిలకడగా సాగే ప్రయాణంలో, ఇంకా ముందే వెలిగిస్తుంది. మంట ముందే మొదలైతే పిస్టన్ మీద ఎక్కువ పని చేసి, బయటికి వెళ్లేటప్పుడు చల్లబడి ఉంటుంది. దాంతో ఈజీటీ తగ్గుతుంది, సిలిండర్ తల వేడి పెరుగుతుంది. మిక్స్చర్ మాత్రం అదే. ఇగ్నిషన్ మార్చాక పాత ఈజీటీ అంకెలతో పోల్చుకుంటే తప్పుదారి పడతాం.

సిలిండర్ తల వేడి: అసలు జాగ్రత్త ఇక్కడ

రెండో మీటరు సిలిండర్ తల ఉష్ణోగ్రత, సీహెచ్‌టీ. ఇక్కడ మాత్రం అంకెకే విలువ. తల అల్యూమినియంతో చేసింది, వేడెక్కేకొద్దీ అది బలం కోల్పోతుంది. లైకమింగ్ చాలా ఇంజన్లకు పెట్టిన హద్దు 500 డిగ్రీల ఫారెన్‌హీట్. ఇంజన్ ఎక్కువకాలం మన్నాలంటే వేగంగా వెళ్లే క్రూయిజ్‌లో 435, పొదుపు క్రూయిజ్‌లో 400 దాటకుండా ఉండాలని కూడా ఆ సంస్థే చెబుతుంది.

తల అత్యంత వేడెక్కే చోటు ఈజీటీ పీక్ దగ్గర లేదు. అది పీక్‌కు 25 నుంచి 50 డిగ్రీలు రిచ్ వైపున ఉంటుంది. పైన చెప్పిన నమూనాలో 1,400 చూపిన మజిలీ సరిగ్గా అక్కడే ఉంది. అక్కడ మంట వేగంగా సాగుతుంది, పీడనం పిస్టన్ ఇంకా పైనే ఉన్నప్పుడు శిఖరానికి చేరుతుంది. ఎక్కువ శక్తితో నడుస్తున్నప్పుడు డెటొనేషన్‌కు, అంటే మిగిలిన మిశ్రమం ఒక్కసారిగా పేలిపోవడానికి, అతి దగ్గరగా ఉండేది కూడా ఇక్కడే. పీక్ దగ్గర వేడెక్కిపోతుందని భయపడి "కాస్త రిచ్ చేద్దాం" అని 50 డిగ్రీలు వెనక్కి వచ్చినవాళ్లు తెలియకుండానే సిలిండర్‌ను అత్యంత కష్టపెట్టే చోట ఆపుతున్నారు. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో ప్రతి యజమానీ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదే.

నాలుగు సిలిండర్లు, నాలుగు మిక్స్చర్లు

ఇంజన్ మిక్స్చర్ అని ఏకవచనంలో మాట్లాడుతున్నాం గానీ, నిజానికి ప్రతి సిలిండర్‌కూ తన మిక్స్చర్ ఉంటుంది. కార్బ్యురేటర్ నుంచి ఒక్కో సిలిండర్‌కు వెళ్లే దారి వేరు. పెట్రోలు తుంపర్లు మలుపుల్లో ఒక వైపు ఎక్కువ చేరతాయి.

దీన్ని తూచే పద్ధతి ఒకటుంది. నాబ్ నెమ్మదిగా లాగుతూ, ఏ సిలిండర్ ఎంత ఇంధన ప్రవాహం దగ్గర పీక్ తాకిందో రాసుకుంటారు. మూడో సిలిండర్ 9.3 గ్యాలన్ల దగ్గర, ఒకటోది 9.0, నాలుగోది 8.9, రెండోది 8.4 దగ్గర పీక్ తాకాయి అనుకుందాం. మొదటిదానికీ చివరిదానికీ తేడా 0.9 గ్యాలన్లు. ఓక్లహోమాలోని ఏడా పట్టణంలో ఉన్న గామి సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ కొలతను గామి స్ప్రెడ్ అంటారు. అర గ్యాలన్ లోపు ఉంటే మంచిది.

ముందు పీక్ తాకిన మూడోది అన్నింటికంటే లీన్‌గా ఉంది, చివర తాకిన రెండోది అన్నింటికంటే రిచ్‌గా ఉంది. పైలట్ మొత్తం ప్రవాహాన్ని 8.9 దగ్గర ఆపితే మూడోది పీక్ దాటి లీన్ వైపు వెళ్లిపోయింది, నాలుగోది పీక్ మీద ఉంది, రెండోది ఇంకా రిచ్ వైపునే, బహుశా తల అత్యంత వేడెక్కే చోటనే ఉంది. అన్నీ లీన్ వైపుకు రావాలంటే 8.4 కంటే కిందికి పోవాలి. అప్పటికి మూడోది మరీ నీరసించి ఇంజన్ అదురుతుంది. ఆ అదురుకు కారణం లీన్‌గా నడపడం అనిపిస్తుంది, కానీ అసలు కారణం నాలుగూ నాలుగు రకాల శక్తి ఇవ్వడం.

ఒకప్పుడు ఒకే ప్రోబ్, ఒకే ముల్లు ఉండేది. ప్రోబ్ లేని సిలిండర్ల గురించి అది ఏమీ చెప్పలేదు. ఇప్పుడు కొత్తగా కట్టే విమానాల్లో దాదాపు ప్రతిదానిలోనూ ప్రతి సిలిండర్‌కూ ఈజీటీ, సీహెచ్‌టీ ప్రోబులు ఉంటాయి, తెర మీద పట్టీలుగా కనిపిస్తాయి, సెకను సెకనూ రికార్డవుతాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటే ఒక్కో నాజిల్ మార్చి స్ప్రెడ్ తగ్గించుకోవచ్చు. కార్బ్యురేటర్‌తో ఆ వీలు లేదు. థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచిన చోటు నుంచి ఒక పిసరు వెనక్కి తీస్తేనో, కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే కార్బ్యురేటర్ హీట్ కొద్దిగా తెరిస్తేనో తుంపర్లు బాగా కలిసి తేడా తగ్గుతుందని చాలామంది గమనించారు.

ఆక్సిజన్ సెన్సర్ ఎందుకు అంత సులువు కాదు

ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్‌ను కార్లలో మొదట 1976లో, బాష్ సంస్థ సెన్సర్‌తో, వోల్వో వాడింది. మన దగ్గర 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 నిబంధనలు వచ్చాక కొత్త బైకుల సైలెన్సర్ గొట్టాల్లో కూడా ఇది కనిపిస్తోంది.

ఇందులో రెండు రకాలు. న్యారోబ్యాండ్ సెన్సర్ లాంబ్డా 1కి ఇటు ఉన్నామా, అటు ఉన్నామా అన్నదే చెబుతుంది. దాని వోల్టేజి 0.1, 0.9 మధ్య ఒక్కసారిగా ఊగుతుంది. కారులో మిక్స్చర్‌ను 1 దగ్గరే నిలబెట్టడానికి అది చాలు. విమానం ఇంజన్ టేకాఫ్‌లో 0.85 దగ్గర, పొదుపు క్రూయిజ్‌లో 1.1 దగ్గర నడుస్తుంది కాబట్టి దీని వల్ల పెద్ద ప్రయోజనం లేదు. వైడ్‌బ్యాండ్ సెన్సర్ మొత్తం పరిధిలో అంకె ఇస్తుంది. పీక్ కోసం వెతకనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టుకుని ఏ వేగానికి, ఏ పీడనానికి ఎంత పెట్రోలు అన్న పట్టికను తయారు చేసుకునేవాళ్లకు ఇది చాలా అక్కరకొస్తుంది. కారు ఇంజన్లను విమానానికి మార్చుకున్నవాళ్లు దీన్ని ఇష్టపడేది అందుకే.

ఇక చిక్కుల సంగతి. మొదటిది సీసం. అది సెన్సర్ మీద పేరుకుని దాని స్పందనను క్రమంగా మందగింపజేస్తుంది. సెన్సర్ ఒక్కసారిగా చచ్చిపోతే నయమే, తెలుస్తుంది. మెల్లగా తప్పు అంకెలు చూపించడం మొదలుపెడితే కనిపెట్టడం కష్టం. 100ఎల్ఎల్ వాడేవాళ్లు దీన్ని తరచూ మార్చాల్సిన వస్తువుగానే లెక్కపెట్టుకుంటారు.

రెండోది చోటు. సెన్సర్‌ను సాధారణంగా నాలుగు గొట్టాలు కలిసే చోట పెడతారు. మూడు సిలిండర్లు 0.85 దగ్గర, ఒకటి నాజిల్ మూసుకుపోయి 1.1 దగ్గర ఉంటే సగటు 0.91. తెర మీద అంతా నిక్షేపంగా కనిపిస్తుంది, ఆ ఒక్క సిలిండర్ గురించి ఆచూకీ ఉండదు.

మూడోది అన్నింటికంటే మోసపూరితం. ఒక ప్లగ్ సరిగా వెలగక మిశ్రమం మండకుండా బయటికి పోతే, దాంతోపాటు వాడని ఆక్సిజన్ కూడా పోతుంది. సెన్సర్ దాన్ని లీన్ అని చదువుతుంది. మిక్స్చర్ మరీ రిచ్ అయ్యి ప్లగ్ మసి పట్టి ఆగిపోయినా సరే, సెన్సర్ చెప్పేది లీన్ అనే. దాన్ని నమ్మి ఇంకా పెట్రోలు పెంచితే సమస్య ముదురుతుంది. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ గొట్టంలో పగులు ఉంటే బయటి గాలి లోపలికి చేరి ఇదే తప్పు చేయిస్తుంది.

మీటర్లను కలిపి చదివితే

ఒక్కో మీటరు మిక్స్చర్ వల్ల కలిగే ఒక్కో ఫలితాన్నే చూపిస్తుంది. ఎగ్జాస్ట్ ఎంత వేడెక్కింది, తల ఎంత వేడెక్కింది, ఎంత ఆక్సిజన్ మిగిలింది, ఎంత పెట్రోలు పోయింది. అవి ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయా లేదా అన్నచోటే అసలు సమాచారం దొరుకుతుంది.

ఒక సిలిండర్ ఈజీటీ ఉన్నట్టుండి పెరిగింది, దాని సీహెచ్‌టీ మాత్రం కొంచెం తగ్గింది. సిలిండర్‌కు ఉండే రెండు ప్లగ్గుల్లో ఒకటి ఆగిపోయి ఉండొచ్చు. ఒకే చోట మొదలైన మంట నెమ్మదిగా సాగి, వాల్వ్ తెరిచేసరికి ఇంకా వేడిగా ఉంటుంది. మిక్స్చర్‌లో ఏ మార్పూ లేదు.

రిచ్ వైపు నడుస్తుండగా ఒక సిలిండర్‌లో ఈజీటీ, సీహెచ్‌టీ రెండూ పెరిగాయి. ఆ నాజిల్ కొంత మూసుకుపోయిందన్న అనుమానం బలంగా వస్తుంది, ఎందుకంటే ఆ సిలిండర్ పీక్ వైపు జరుగుతోంది. అదే నాజిల్ లీన్ వైపు నడిచేటప్పుడు మూసుకుపోతే ఈజీటీ, సీహెచ్‌టీ రెండూ తగ్గి ఇంజన్ అదురుతుంది. కొత్తగా కట్టిన విమానంలో ట్యాంకుల్లో మిగిలిన లోహపు పొట్టు, సీలెంట్ ముక్కలు మొదటి గంటల్లో నాజిళ్ల దాకా రావడం వినని విషయం కాదు.

ఇంకోటి, థ్రాటిల్ తగ్గించినప్పుడు ఒక సిలిండర్ మిగతావాటికంటే లీన్‌గా ఉంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో అన్నీ మామూలే. ఇది గాలి గొట్టం జాయింటులో లీకు లక్షణం. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు లోపలి పీడనం బయటికంటే బాగా తక్కువ, బయటి గాలి ఎక్కువ చొరబడుతుంది. థ్రాటిల్ తెరిస్తే ఆ తేడా దాదాపు పోతుంది.

మీటర్లేవీ లేని రోజుల నుంచీ ఉన్న ఒక పరీక్ష ఇప్పటికీ పనికొస్తుంది. నేల మీద ఐడిల్‌లో నాబ్‌ను నెమ్మదిగా పూర్తిగా లాగితే, ఆగిపోయే ముందు ఇంజన్ నిమిషానికి 25 నుంచి 50 చుట్లు పెరగాలి. ఐడిల్ కాస్త రిచ్‌గా పెట్టి ఉంటుంది కాబట్టి ఆగే దారిలో గరిష్ఠ శక్తి మిక్స్చర్‌ను దాటుకుంటూ వెళ్తుంది. పెరుగుదల అసలు లేకపోతే ఐడిల్ మరీ లీన్, బాగా ఎక్కువైతే మరీ రిచ్.

రిచ్ వైపా, లీన్ వైపా: పాత తగాదా

క్రూయిజ్‌లో పీక్‌కు ఏ వైపు నడపాలన్న వాదన దశాబ్దాలుగా ఉంది. లీన్ వైపు నడపడం కొత్త ఆలోచన కాదు. 1944లో ప్రసిద్ధ పైలట్ చార్లెస్ లిండ్‌బర్గ్ పసిఫిక్ యుద్ధరంగంలో పీ-38 యుద్ధవిమానాల పైలట్లకు తక్కువ చుట్లు, ఎక్కువ మానిఫోల్డ్ పీడనం (సిలిండర్లలోకి వెళ్లే గాలి పీడనం), లీన్ మిక్స్చర్ కలిపి ఎంత దూరం అదనంగా ఎగరొచ్చో నేర్పాడు. 1950ల్లో కాన్‌స్టలేషన్, డీసీ-7 లాంటి పెద్ద విమానాల్లో ఫ్లైట్ ఇంజనీర్లు ఇంజన్ తిప్పే బలాన్ని చూపే టార్క్ మీటరు చూస్తూ ఇంజన్లను పీక్ దాటించి లీన్‌గా నడిపేవారు. జెట్లు వచ్చాక ఆ విద్య చాలావరకు మరుగున పడింది. గామికి చెందిన జార్జ్ బ్రేలీ, రచయిత, పైలట్ జాన్ డీకిన్ లాంటివాళ్లు దాన్ని చిన్న విమానాల్లోకి మళ్లీ తెచ్చారు.

వాళ్ల వాదనను పైన చెప్పిన నమూనా అంకెలతోనే చూద్దాం. 8.5 కంప్రెషన్ నిష్పత్తి ఉన్న ఇంజన్ లీన్ వైపు నడుస్తుంటే గంటకు పోయే గ్యాలన్లను 14.9తో గుణిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 8.1 గ్యాలన్లకు 121 హార్స్‌పవర్, అంటే 67 శాతం. రిచ్ వైపు 10.3 గ్యాలన్లతో వచ్చేది సుమారు 128. పెట్రోలు 21 శాతం తగ్గితే శక్తి తగ్గింది 6 శాతం లోపే, వేగం తగ్గింది 2 శాతమే. పైగా తల చల్లగా ఉంటుంది, ప్లగ్గులు శుభ్రంగా ఉంటాయి.

లైకమింగ్ వాదన ఇంకో వైపు ఉంది. శక్తి 75 శాతం లోపు ఉంటే పీక్ దాకా లీన్ చేయడాన్ని ఆ సంస్థ ఒప్పుకుంటుంది. పీక్ దాటి వెళ్లాలంటే సమానమైన మిక్స్చర్లు, ప్రతి సిలిండర్‌కూ నమ్మదగిన మీటర్లు, పైలట్ నిరంతర శ్రద్ధ కావాలని, మామూలు పైలట్‌కు ఆ భారం అక్కర్లేదని దాని అభిప్రాయం.

రెండు వాదనలూ ఒక చోట కలుస్తాయి. శక్తి 60 శాతం, ఆ లోపు ఉంటే మిక్స్చర్ ఎక్కడ పెట్టినా ఇంజన్‌కు హాని జరగదు. శక్తి పెరిగేకొద్దీ పీక్ చుట్టూ తప్పించుకోవాల్సిన ప్రాంతం వెడల్పవుతుంది. డీకిన్ లెక్కలో 75 శాతం దగ్గర అది రిచ్ వైపు 180 డిగ్రీల నుంచి లీన్ వైపు 40 డిగ్రీల దాకా విస్తరిస్తుంది. ఏ వైపు నడిపినా దానికి బయట ఉండాలి. సమతూకం కుదిరిన ఇంజెక్షన్ ఇంజన్‌కు లీన్ వాదన బలమైనదని నాకనిపిస్తుంది. స్ప్రెడ్ ఒక గ్యాలన్ ఉన్న కార్బ్యురేటర్ ఇంజన్‌కు లైకమింగ్ మాటే సరైనది. ఇంజన్ ఏమిటో చెప్పకుండా చేసే వాదన ఏ వైపునా తేలదు.

రోటాక్స్ 912 అనే ఇంజన్ పెట్టుకున్నవాళ్లకు ఈ గొడవ చాలావరకు లేదు. దాని బింగ్ కార్బ్యురేటర్లు ఎత్తును కొంతమేర తమంతట సరిచేసుకుంటాయి, ఎర్ర నాబ్ ఉండదు. రెండు కార్బ్యురేటర్లు సమానంగా పనిచేస్తున్నాయా అన్నదే అక్కడ చూసుకోవాల్సింది. 2012లో వచ్చిన, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న 912 ఐఎస్‌లో మిక్స్చర్ పనంతా కంప్యూటరే చూసుకుంటుంది.

సీసం పోయాక ఏం మారుతుంది

సీసం లేని పెట్రోలు అందరికీ అందితే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఆయుష్షు పెరుగుతుంది, దాన్ని వాడేవాళ్లూ పెరుగుతారు. చోటు సమస్య, మండని ఆక్సిజన్ చేసే మోసం మాత్రం అలాగే ఉంటాయి. సిలిండర్‌కు ఒక సెన్సర్ పెడితే చోటు సమస్య తీరుతుంది, కానీ ఖర్చు, వైరింగ్, అంత వేడిలో మన్నిక అడ్డొస్తాయి.

కొత్త పెట్రోలుతో వేరే ప్రశ్నలు వచ్చాయి. నార్త్ డకోటా విశ్వవిద్యాలయం 2023లో తన శిక్షణ విమానాలను సీసం లేని 94 ఆక్టేన్ పెట్రోలుకు మార్చింది. ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు అసాధారణంగా అరిగిపోతున్నాయని గమనించి, అదే ఏడాది తిరిగి 100ఎల్ఎల్‌కు వెళ్లింది. సీట్లు ఎందుకు అరిగాయన్న దానిపై పెట్రోలులోని ఆరోమాటిక్ పదార్థాల పాత్ర గురించి లైకమింగ్ పరిశీలన చేసింది. ఈ అరుగుదల ఏ మీటరులోనూ కనిపించేది కాదు, వాల్వ్ దగ్గర ఉండే ఖాళీని (వాల్వ్ క్లియరెన్స్) కొలిస్తేనే బయటపడుతుంది.

2022 సెప్టెంబరులో ఎఫ్ఏఏ అనుమతి పొందిన గామి వారి సీసం లేని పెట్రోలు జీ100యూఎల్, 100ఎల్ఎల్ కంటే బరువైనది. ఇంధన ప్రవాహం మీటరు కొలిచేది ఘనపరిమాణం. కాబట్టి అదే మిక్స్చర్‌కు, అదే శక్తికి గ్యాలన్ల అంకె కాస్త తగ్గి కనిపిస్తుంది. పాత పెట్రోలుతో రాసుకున్న 10.3, 8.1 లాంటి అంకెలు, 14.9 అనే గుణకం కొత్త పెట్రోలుకు మళ్లీ కట్టుకోవాలి. ఈజీటీ పీక్, లాంబ్డా 1 మాత్రం పెట్రోలు మారినా తమ అర్థం మార్చుకోవు.